ఒక బిళ్ళ తక్కువ

ముందు చప్పుడు వినిపించేది. ఇత్తడి మీద ఆకురాయి నడిచే చప్పుడు. మూడుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, ఆ తర్వాత ఉఫ్‌మని ఒక ఊపిరి. మెట్లు దిగేవాళ్ళకు ఆ ఊపిరి కూడా వినిపించేది కానీ మనిషి కనిపించేవాడు కాదు. మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలేంత గదిలో ఆయన తాళంచెవులు చేసేవాడు.

పై అంతస్తులో అద్దెకు దిగిన వారానికే నేను తాళంచెవి పోగొట్టుకున్నాను. వంగి లోపలికి చూస్తే మొదట చేతులు కనబడ్డాయి. పెద్ద చేతులు, వేళ్ళ సందుల్లో పుప్పొడిలా ఇత్తడి పొడి.

"పాతది ఏదండీ?" అన్నాడు తలెత్తకుండా.

"పోయింది."

"పోయినదాన్ని చూసి ఎలా చెయ్యమంటారు? తాళం ఊడదీసి పట్రండి. లోపల ఏముందో అదే చెప్తుంది."

వీధిలో ఆయన్ని అయిదు తాళాలాయన అనేవారు. దానికి కారణం ఆయన వృత్తి కాదు. రెండు వీధుల అవతల సున్నం కొట్టిన ఇటుక గోడల గుడి ఉంది. లోపల ఒక్క పటం ఉండదు, కిటికీలకు రంగుటద్దాలు ఉండవు. బెంచీలు, ఒక పొడుగాటి బల్ల, అంతే. అది కాల్వినిస్టు క్రైస్తవ సంఘం. అక్కడ ఆయన పద్దెనిమిదేళ్ళు సంఘపెద్దగా ఉన్నాడు. తాళంచెవి కోసం ఎదురుచూస్తూ ఎవరైనా నిలబడితే చాలు, గోడకు వేలాడే రింగు తీసి అందులోని అయిదు చెవులు ఒక్కొక్కటే జరుపుతూ మొదలుపెట్టేవాడు. మనిషి మనసు మొత్తం చెడిపోయింది, తనంతట తాను దేవుడి వైపు ఒక్క అడుగు వెయ్యలేడు. కాబట్టి లోకం పుట్టకముందే దేవుడు కొందరిని ఏర్పరచుకున్నాడు, అదీ వాళ్ళలో మంచి చూసి కాదు. క్రీస్తు ప్రాణం పెట్టింది వాళ్ళ కోసం. ఆయన పిలిస్తే రాకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. పట్టుకున్న చెయ్యి ఆయన ఇక వదలడు.

"అయిదూ ఒకే రింగువి. ఒకటి తీసేస్తే నాలుగు మిగలవండీ, ఏమీ మిగలదు" అని రింగు మళ్ళీ మేకుకు తగిలించేవాడు.

నేను వచ్చేసరికి ఆయన ఆ మాటలు చెప్పడం మానేసి ఏడాది దాటింది. అడిగితేనే చెప్పాడు. మిగతా సంగతి కొంత ఆయన నోట, కొంత ఆయన భార్య నోట, నెలల తరబడి ముక్కలుముక్కలుగా విన్నాను.

ఆవిడ ఇంట్లో కూచుని దర్జీ కొట్టువాళ్ళకు చొక్కాల కాజాలు కుట్టేది. సన్నటి మనిషి. మాట తక్కువ. పాట ఎక్కువ అని చెప్పారు కానీ నేను వినలేదు. బుధవారం సాయంత్రాలు ఆవిడ అన్నగారు వచ్చేవాడు. లెక్కల మాస్టారు. ఆయనది వేరే సంఘం, మనిషి కోరుకుంటేనే రక్షణ అనేవాళ్ళది. కుర్చీలో కూలబడీ కూలబడకముందే మొదలుపెట్టేవాడు.

"అయితే బావా, నేనీ టీ తాగాలా వద్దా అన్నది కూడా ముందే రాసుందంటావ్."

"రాసే ఉంది."

"తాగను, ఫో."

"తాగవని రాసుంది."

"చెల్లెమ్మా, ఇంకో కప్పు కూడా పొయ్యి. ఒకటి తాగి ఒకటి వదిలేస్తాను. మీ ఆయన ఏ పేజీ తిప్పుతాడో చూద్దాం."

ఆవిడ దారం కొరికి నవ్వేది. ఆ ఇంట్లో వాదం అంటే అదీ. గెలిచినవాడు లేడు, అలిగినవాడూ లేడు. ఒక మంగళవారం మాస్టారికి తీరిక దొరికి ఒకరోజు ముందే వచ్చాడు. ఆరోజు మాట పొరపాట్ల మీదకు మళ్ళింది. మనుషులు చేసే పొరపాట్లు కూడా దేవుడి ఖాతాలో వేస్తావా అన్నాడు మాస్టారు. ఈయన ఇంట్లో పని బల్లకు బిగించిన వైస్‌లోంచి ఒక స్క్రూ ఊడదీసి బల్ల మీంచి దొర్లించాడు. అది నేల మీద పడి, కొంత దూరం తిరిగి, గోడ వారన ఆగింది.

"అది ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది బావా. పొరపాటు అన్నది మన మాట. ఆయన దగ్గర ఆ మాటే లేదు."

చాలా బాగా చెప్పాడు. మాస్టారు కూడా కాసేపు ఆ స్క్రూ వైపే చూశాడట.

ఆ సంఘంలో ఏడాదికి నాలుగుసార్లు ప్రభువు బల్ల, అంటే క్రీస్తును తలుచుకుని రొట్టె పంచుకోవడం. అంతకు ముందు వారం సంఘపెద్దలు ఇంటింటికీ వెళ్ళి, మంచీ చెడూ మాట్లాడి, మనిషికొక సీసం బిళ్ళ ఇస్తారు. ఆదివారం నాడు బల్ల దగ్గర ఆ బిళ్ళ ఇస్తేనే రొట్టె. లేనివాళ్ళు వెనక బెంచీలో కూచోవాలి. ఈ రోజుల్లో బిళ్ళలేమిటని కొందరు గొణిగితే, ఉండాల్సిందేనని పట్టుబట్టి నిలబెట్టింది ఈయనే. బల్ల అయ్యాక బిళ్ళలన్నీ కరిగించేస్తారు. వచ్చేసారికి మళ్ళీ పోస్తారు. ఆ పని కూడా ఈయనదే.

పోసే పద్ధతి ఒకటుంది. ఆయన సభ్యుల జాబితా చూడడు. సంఘపెద్దల బెంచీ జనానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి ప్రతి ఆదివారం అందరి మొహాలూ ఆయనకు కనిపిస్తాయి. ఇనప గరిటెలో సీసం కరిగాక కళ్ళు మూసుకుని, మొదటి బెంచీ ఎడమ చివరినుంచి ఒక్కొక్క మొహమే తలుచుకుంటాడు. ఒక మొహం, కళ్ళు తెరిచి అచ్చులో ఒక పోత. మళ్ళీ కళ్ళు మూయడం. పద్దెనిమిదేళ్ళలో ఒక్క బిళ్ళ ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. జాబితా చూసుకోరాదా అని పాస్టరుగారంటే, "దేవుడు మనల్ని కాగితం చూసి పిలిచాడా అయ్యగారూ" అని నవ్వేసేవాడు.

మంగళవారం వాదం ముగిసి మాస్టారు వెళ్ళాక ఆయన బిళ్ళలు పోశాడు. బుధవారం పగలంతా తిరిగి పంచాడు. చివరికి సొంత ఇంటికి వచ్చి సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక్కటే తగిలింది. సంచి తిరగేశాడు.

"ఒకటి తగ్గింది" అన్నాడు.

"ఎవరిది?"

ఆయన సంచి అంచులు తడిమాడు.

"నాదా?"

"పొరపాటు. అరగంటలో పోసేస్తానుండు. పోనీ ఇది నువ్వు తీసుకో, నాకు ఇంకోటి పోసుకుంటా."

"అది మీ మొహం తలుచుకుని పోసింది." ఆవిడ కుట్టు ఆపలేదు. "పొరపాటన్న మాటే లేదని నిన్న అన్నయ్యతో చెప్పారుగా."

అందులో ఎత్తిపొడుపు లేదని ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు. ఉంటే బాగుండేదని కూడా అన్నాడు.

అరగంటలో కొత్త బిళ్ళ పోశాడు. అది ఇంకా వేడిగా ఉండగానే గుడ్డలో పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దాని వంక చూసి, "ఇది ఏర్పాటు కాదండీ, సర్దుబాటు" అంది. ఆ ఆదివారం వెళ్ళి వెనక బెంచీలో కూచుంది.

"కళ్ళు మూసుకుంటే అందరూ కనబడ్డారండీ," అన్నాడు నాతో, ఆకురాయి పక్కన పెట్టి. "గుడ్డి ముసలమ్మ కనబడింది. ఆర్నెల్లుగా గుడికే రాని పాలడిపో ఆయన తమ్ముడు కనబడ్డాడు. ఆవిడ్ని వెతకలేదు. ఎందుకంటే ఆ పూట ఆవిడ నా వెనకాలే కూచుని కాజాలు కుడుతోంది. సూది గుడ్డలో దిగే చప్పుడు కూడా వినబడుతోంది నాకు. ఇంట్లో ఉన్న మనిషిని బెంచీలో ఎవరు వెతుకుతారు?"

ఇదే ముక్క భార్యకూ చెప్పాడు. ఆవిడ విని, "వెతకాలని తోచకపోవడం కూడా మీ చేతిలో లేదుగా" అంది.

పాస్టరుగారు వచ్చి గంటసేపు మాట్లాడారు. ఆవిడ ఆయనకు మంచినీళ్ళిచ్చి, అన్నీ విని, అన్నింటికీ తలూపి, బిళ్ళ మాత్రం ముట్టుకోలేదు. మాస్టారు వచ్చాడు. ఈసారి పరాచికాల్లేవు.

"చూడమ్మా, ఇందులో ఏముంది? నువ్వు కావాలనుకో, వెళ్ళి తీసుకో. అయిపోయింది."

"కావాలనుకోవడానికి కూడా ముందు ఆయన నన్ను అనుకోవాలి కదన్నయ్యా."

"అది మీ ఆయన మాట!"

"ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఇప్పుడు నా మాట కూడా అదే."

మాస్టారు బావగారి వైపు తిరిగాడు. "నీ తాళాలు పనిచేస్తున్నాయ్ బావా. బయటినుంచి వేసుకున్నాయ్." ఆ తర్వాత చాలా బుధవారాలు ఆయన రాలేదు.

ఆవిడ ఏడవలేదు, తిండి మానలేదు. వంట, కాజాలు, ఆదివారం గుడి, అన్నీ మామూలే. పాట మాత్రం పోయింది. గుడిలో అందరూ లేచి పాడుతుంటే పాటల పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడేది. ఆ పేజీ వైపు ఆవిడ చూసే చూపు, ఎవరిదో ఉత్తరం చేతికి వచ్చినట్టు ఉండేదని ఆయన అన్నాడు.

ఆ ఏడాది చివర్లో గుడి పక్క హాల్లో ప్రశ్నల కూటం పెట్టారు. దేవుడి ఏర్పాటు గురించి ఎవరైనా ఏదైనా అడగొచ్చు, అయిదు తాళాలాయన జవాబు చెప్తాడు. హాలు నిండింది. కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి లేచి, నేను ఏర్పరచబడిన దాన్నో కాదో ఎలా తెలుస్తుంది అని అడిగింది. దానికి ఆయన దగ్గర ఎప్పటినుంచో ఒక జవాబుంది. అది ఎంతోమందికి నిద్రపట్టించిన జవాబు.

"ఆ భయం నీకుంది చూశావా తల్లీ, అదే గుర్తు. దేవుడు వదిలేసినవాళ్ళు ఆ ప్రశ్న అడగనే అడగరు."

ఆ అమ్మాయి మొహం విప్పారింది. అప్పుడు చివరి వరసలోంచి ఆయన భార్య లేచింది. గొంతు పెంచలేదు.

"మొదట్లో నేనూ రోజూ అడిగాను. ఇప్పుడు అడగడం మానేశానండీ. దీనికి గుర్తేమిటి?"

ఆయన నోరు తెరిచాడు. చెప్పడానికి ఇంకా నాలుగు జవాబులున్నాయట, నాలుగూ సరైనవేనట. కానీ అవన్నీ ఎదురుగా కూచున్న పరాయివాళ్ళకు చెప్పే జవాబులు, ఇంట్లో మనిషికి కావు. ఆయన కుర్చీలో కూచున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి కూటం ముగించారు.

ఆ తర్వాతి బల్ల నాటికి ఆయన సంఘపెద్ద పని వదిలేశాడు. అచ్చు, గరిటె తోటి సంఘపెద్ద పాలడిపో ఆయనకు అప్పగించాడు. ఆయన జాబితా చూసి, రెండుసార్లు సరిచూసుకుని పోశాడు. బిళ్ళలు పట్టుకుని ఇంటికి వస్తే ఆవిడ వద్దంది, ఈయన కూడా వద్దన్నాడు. ఆదివారం వెళ్ళి వెనక బెంచీలో ఆవిడ పక్కన కూచున్నాడు.

ఆవిడ గుసగుసగా, "మీరెందుకిక్కడ?" అంది.

"ఊరికే."

"మీది ఉందిగా."

"ఉంటే ఉంది."

విశ్వాసం పోయిందని కొందరన్నారు, పెళ్ళానికి భయపడ్డాడని కొందరన్నారు. రెండూ ఆయన చెవిన పడ్డాయి. "భయం మాట నిజమేలెండి" అన్నాడు నాతో. విశ్వాసం ఒక్క ముక్క తగ్గలేదనీ, ఆ అయిదింటిలో ఈరోజుకీ ఏదీ కాదనలేననీ, అదే కష్టమనీ అన్నాడు. అబద్ధమని తేలితే ఈపాటికి ఇద్దరూ హాయిగా ఉండేవాళ్ళట.

అలా ఎనిమిది బల్లలు గడిచాయి. రెండేళ్ళు. పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచేవారు, జనం వంతులవారీగా వెళ్ళి కూచునేవారు, బిళ్ళలు పళ్ళెంలో పడేవి. వీళ్ళిద్దరూ వెనక నుంచి అందరి వీపులూ చూస్తూ కూచునేవారు. కిటికీలోంచి వచ్చిన ఎండ బెంచీ మీద ఒక చివరనుంచి ఇంకో చివరకు జరిగేది.

ఆవిడ చూసినది ఒకటుంది. అది ఆయనకు తెలియదు. ముందు రొట్టె పంచుతున్నప్పుడు ప్రతిసారీ ఆయన దవడ కదిలేది. ఉత్తి నోరు నెమ్మదిగా నమిలేది, మింగేది. మొదటిసారి ఏదో గొణుగుతున్నాడనుకుందట. రెండోసారి, మూడోసారి పరికించి చూసింది. ఎనిమిదిసార్లూ చూసింది.

నేను ఇల్లు ఖాళీ చేసింది ఒక సోమవారం. ముందురోజే తొమ్మిదో బల్ల అయింది. పై గది తాళంచెవి ఇంటివాళ్ళ కోసం ఆయన దగ్గర పెట్టి వెళ్దామని దిగాను. ఆకురాయి పక్కన పడి ఉంది. ఆయన ఊరికే కూచుని ఉన్నాడు. కూచోమని తనే స్టూలు జరిపి, నిన్న జరిగింది చెప్పాడు.

రొట్టె విరిచే సమయానికి ఆవిడ లేచి నిలబడింది. బయటికి వెళ్తుందేమోనని ఆయన కాళ్ళు పక్కకు తీశాడు.

"లేవండి" అంది.

"బిళ్ళల్లేవుగా."

"మీ నోరు నములుతోంది."

"ఏమిటీ?"

"రెండేళ్ళనుంచీ నములుతోంది. లేవండి."

ఆయన లేవలేకపోయాడు. ఆ నియమం నిలబెట్టినవాడు ఆయనే. ఆవిడ ఒక్కతే నడవలో నడుచుకుంటూ పోయింది. బల్ల దగ్గర పాలడిపో ఆయన అలవాటు కొద్దీ బిళ్ళ కోసం అరచెయ్యి చాపాడు. గుడి మొత్తం చూస్తోంది.

"బిళ్ళ లేదండీ" అంది ఆవిడ. "నా సంగతి నాకు తెలీదు. మా ఆయనకి మాత్రం ఆకలేస్తోంది."

పాలడిపో ఆయన పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు తల వంచుకుని ఉన్నారు, ప్రార్థనో కాదో చెప్పలేం. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, వెనక్కి వెళ్ళి, రొట్టె ముక్కతో తిరిగొచ్చింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, మళ్ళీ అంత నడవా నడిచి వెనక బెంచీకి వచ్చింది. రెండుగా విరిచింది. ఒకటి ఆయన చేతిలో పెట్టి, రెండోది తను నోట్లో వేసుకుంది. వేసుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

ఇక్కడ ఆపి, నేనిచ్చిన తాళంచెవి తీసి గోడ మేకుకు తగిలించాడు. బయట నా సామాను ఎక్కించిన బండివాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. లేచి, మరి మీరు తిన్నారా అని అడిగాను.

"తిన్నానండీ. వచ్చే వారం రమ్మని సంఘం పిలిపించింది, జాబితాలోంచి పేర్లు కొట్టేస్తారో ఏమో తెలీదు. కొట్టేస్తే ఇద్దరివీ ఒకే గీతతో కొట్టెయ్యమని అడుగుతానంటోంది ఆవిడ. వెళ్ళండి, మీ బండివాడు తొందరపడుతున్నాడు."