బూటును వదలని బైండింగ్

కరోనా తగ్గిన మరుసటి ఏడు. హిందూపురంలో నాది పాత సామాన్ల అంగడి; అందరూ అవ్వ అంగడి అంటారు. బెంగళూరులో ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర సామానంతా ఒకేసారి గుత్తగా కొని తెచ్చి అమ్ముతాను. ఏ వస్తువైనా కొనేవాళ్ల ఎదుట ఆడించి చూపించాలన్నది నా పద్ధతి. మిక్సీ తిరగాలి, కుక్కరు కూయాలి. ఆ తర్వాతే దుడ్లు.

ఒక గుత్తలో మంచు మీద జారే స్కీలు ఒక జత, బూట్లతో సహా వచ్చాయి. మా ఎండల్లో వీటినెవరు కొంటారని తిట్టుకుంటూ మూలన పెట్టాను. ఆ సంగతి ఎవరి నోటనో విని, ధర్మవరంలో మగ్గం నేసే రామాంజి తన కూతురు శిరీషను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ పిల్ల కాలేజీ తరఫున హిమాలయాలకు పోయి స్కీ నేర్చుకుంది. ఇప్పుడు పోటీకి ఎంపికైంది. ఆ సాయంత్రమే రైలు.

బూట్లు సరిపోయాయి. ఇక బైండింగ్ చూడాలి. బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడ్డప్పుడు బూటును వదిలేయాల్సిందీ అదే. ఎంత బలానికి వదలాలో మర తిప్పి పెట్టాలి. ఆ లెక్కను డిన్ నంబరు అంటారట. శిరీష బరువు, ఎత్తు, బూటు పొడవు అడిగి ఆమెకు స్కీ నేర్పే కోచ్ ఫోన్‌లో నంబరు చెప్పాడు. ఆమె అదే పెట్టింది.

గోనెసంచులు పరిచాను. శిరీష స్కీలెక్కి నిలబడింది. కోచ్ చెప్పినట్టు నేను స్కీని తొక్కిపట్టాను. ఆమె మోకాలు లోపలికి తిప్పితే బూటు ఊడి రావాలి.

రాలేదు. ఇంకొంచెం తిప్పింది. అదుపు తప్పి పక్కకు ఒరిగింది. బూటు మాత్రం స్కీలోనే ఉంది.

"అమ్మా! మోకాలు!" అని అరిచింది.

రామాంజి ఆమెను లాగబోయాడు.

"లాగొద్దప్పా! కాలు మెలిపడి ఉండాది. నడుం పట్టుకో!" అని అరిచి, మడమ వెనకున్న మీటను బలమంతా పెట్టి నొక్కాను. టక్కుమని వదిలింది.

శిరీష మెల్లగా మోకాలు వంచింది. 

"వంగుతాండాది అవ్వా," అంది. తర్వాత బైండింగ్ చూసి, "నేను పెట్టిన నంబరు ఇది కాదే! ఎవరు తిప్పిరి?"

రామాంజి ముందుకొచ్చాడు. "నేనే పాపా. నువ్వు మళ్లా బూట్లు తొడుక్కుంటాంటే బిగిస్తి. కొండ మీద ఊడిపోతే ఎట్ల? మగ్గం మీద పడుగు దారాలు వదులైతే చీరే చెడిపోతాది గదా!"

"నేనేమన్నా పడుగునా నాయనా? ఇంకొంచెం బిగించింటే రెండు పోగులయ్యేదాన్ని!"

మళ్లీ సరైన నంబరు పెట్టి, ఈసారి బూటు ముక్కును చేత్తో తోసి చూశాం. ఎడమది వదిలింది. కుడిది కదల్లేదు. లోపలి స్ప్రింగు తుప్పు పట్టినట్టుంది.

"ఇవి ఇచ్చేది లేదు," అన్నాను.

"రైలు టైమయితాండాది అవ్వా. నూనె పోసుకుంటాంలే," అన్నాడు రామాంజి.

"ఆడ కొండల్లో బాడుగకు దొరకవా?" అని అడిగాను.

"దొరుకుతాయి," అంది శిరీష. "బాడుగ ఎక్కువని నాయన..."

"ఏమప్పా, పది రూపాయలకు పొద్దంతా బేరమాడేదాన్ని, నేనే చెప్తాండా. బాడుగ కట్టు. స్కీ పోతే ఇంకోటి తెస్తా. కాలు ఏ గుత్తలో తేవాల?"

అతను జేబులోంచి దుడ్లు తీశాడు. బూట్లు మాత్రం కొనుక్కొని రైలుకు పరుగెత్తారు.

ఏదీ పారేసే మనిషిని కాను. అయినా ఆ బైండింగులను సుత్తితో పగలగొట్టి పాత ఇనుములో వేశాను.

శిరీష పోటీలో గెలవలేదు. పడిందట. బాడుగ స్కీ నుంచి బూటు ఊడొచ్చిందట. ఆ మాట తిరిగొచ్చాక నా ఎదుట స్టూలెక్కి, కాలు మీద కాలేసుకొని కూర్చొని చెప్పింది.

అంతవరకూ పట్టు గట్టిగా ఉంటే చాలు, మంచి సరుకే అనుకునేదాన్ని. ఇప్పుడు పెనుకొండ నుంచి ఎవరైనా కారుకు పిల్లల సీటు కావాలని వస్తే, బెల్టు బిగించి చూస్తాను. తర్వాత ఒక్క నొక్కుకు ఊడుతుందా అని కూడా చూస్తాను. ఊడకపోతే అమ్మను.