థమ్ అంటే ఆగినవాడు

నేను క్యాడెట్ పరేడ్‌లో చేరింది దేశసేవ కోసం కాదు, పూరీల కోసం. కోరుట్లలో మేం చదివిన బడిలో శనివారం పరేడ్ అయ్యాక పిల్లలకు పూరీలు, ఒక అరటిపండు పెట్టేవారు. మా పక్కింటివాడు, నా ఈడువాడే, నాతోపాటు చేరాడు. వాడు ఆ అరటిపండును కూడా మడమలు కలిపి, వీపు నిటారుగా పెట్టి తినేవాడు. వీడి సంగతి మామూలుగా ఉండదని నాకు అప్పుడే తెలియాల్సింది. నా ధ్యాసంతా వాడి పూరీల మీద ఉండడం వల్ల తెలియలేదు.

మాకు డ్రిల్లు నేర్పినాయన సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన ముసలాయన. సార్ అంటే పలికేవాడు కాదు, ఉస్తాద్ అనాలి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, మైదానంలో హిందీ. సావధాన్, విశ్రామ్, తేజ్ చల్. అన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైన మాట ఇంకొకటుంది: థమ్. అంటే ఆగు అని. నడుస్తూ ఉండగా ఆ మాట చెవిన పడితే ఇంకొక్క అడుగు వేసి, రెండో కాలు తెచ్చి దాని పక్కన కొట్టి, రాయిలా నిలబడిపోవాలి.

"నడుసుడు గాడిద గుడ నడుస్తది బేటా," అనేవాడు. "థమ్ అంటె ఆగినోడే సిపాయి. కుక్క ఎంబడవడ్డా ఆగుడే, తుపాకి పేలినా ఆగుడే. ఎందుకాగాలె అని అడిగెటోడు పెండ్లి బరాత్‌ల ఎగురవోవాలె, పరేడ్‌కు రావద్దు."

నా నోరు ఊరుకోదు కదా. "ఉస్తాద్, మీరు గిట్ల దమ్ దమ్ అంటుంటె నాకు బిర్యానీ యాదికస్తున్నది. ఎన్నడు పెడ్తరు?" అన్నాను. వరుసంతా నవ్వింది, వాడు తప్ప. ఉస్తాద్ మీసాల కింద నవ్వుకుని, "జర గ్రౌండంత ఉరికి రా. ఆకలైతది, అప్పుడు బిర్యానీకి మజా అస్తది," అన్నాడు. ఆ తర్వాత ప్రతి శనివారం నేనొక జోకు వేయడం, ఆయన నన్ను ఉరికించడం మామూలైపోయింది. అలా ఒకే మైదానంలో నేను ఉరకడం నేర్చుకున్నాను, వాడు ఆగడం నేర్చుకున్నాడు. ఇద్దరమూ మంచి విద్యార్థులమే.

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా నాయన వాదన. సిరిసిల్లలో మేనమామ దగ్గర సాంచెల మీద పనికి కుదిరాను. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. పది సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి అరుపు కూడా వినపడదు కాబట్టి నా జోకులకు గిరాకీ పోయింది. వాడు మాత్రం చదువుకుంటూ జగిత్యాలలో డిగ్రీ దాకా వెళ్ళాడు. అక్కడా క్యాడెట్టే.

వాడికి బతుకులో కావలసింది ఒక్కటే, కానిస్టేబుల్ ఉద్యోగం. వాళ్ళ నాయన దుబాయిలో ఉండేవాడు, రెండు మూడేళ్ళకోసారి వచ్చేవాడు. తల్లి బీడీలు చుట్టేది.

"ఒక్కసారి ఆ ఖాకీ బట్టలేసుకోని మా అవ్వ ముంగట నిలవడాలెరా," అనేవాడు.

"నిలవడి ఏం జేస్తవ్? ఆమెను అరెస్ట్ జేస్తవా?"

"నవ్వకురా. నిజంగనే అంటున్న."

"లంచం దింటవా?"

"తినను."

"మరి గా నౌకరీల ఏమున్నదిరా తినుటానికి?"

దానికి కూడా వాడు కాసేపు ఆలోచించి, "జీతం," అన్నాడు. వాడితో జోకులేయడం గోడకు బంతి కొట్టినట్టు కూడా కాదు, బంతి తిరిగి రాదు.

పరుగులో నెగ్గాడు. రాతపరీక్షలో నెగ్గాడు. వాడి మీద పోలీసు కేసులేమైనా ఉన్నాయా అని ఇంటికొచ్చి విచారించడమొక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు తెలంగాణ ఉద్యమం రోడ్డెక్కి ఉంది. జనం వంటలు రోడ్డు మీదే చేస్తున్నారు, ఆటలు రోడ్డు మీదే ఆడుతున్నారు. సిరిసిల్లలో బంద్ ఉన్న రోజుల్లో సాంచెలు ఆగితే నేను బస్సు దొరికినప్పుడు జగిత్యాల వెళ్ళి వాడి గదిలో తిని పడుకునేవాణ్ణి.

ఒక రోజు విద్యార్థుల ర్యాలీ ఉంది. పొద్దున్నే వాడి తల్లి ఫోన్ చేసింది. అవతలి గొంతు నాకూ వినపడుతోంది.

"కొడుకా, నువ్వు పోకు. నౌకరి చేతికచ్చెదాక ఇంట్లనే కూసో. నువ్వొక్కనివి పోకుంటె తెలంగాణ రాకుంట ఉంటదా?"

"చూస్తనవ్వా," అన్నాడు వాడు.

నిజంగానే కూర్చున్నాడు. తలుపేసుకుని చదువుకుంటుంటే కాలేజీ పిల్లలు వచ్చి తలుపు కొట్టారు. "అన్నా, ముంగట ఆడివిల్లలున్నరు. ఎన్క ఎవలెవలో కలిసిన్రు. ఎవడన్న బస్సు మీద రాయేస్తె మాకే బద్నాం. నువ్వచ్చి జర లైన్ల వెట్టిపో." లైను వంకరగా ఉందని చెబితే వాడు ఇంట్లో కూర్చోలేడు. ఆ పిల్లలకు ఆ సంగతి తెలుసు.

వెళ్ళి, ముగ్గురు ముగ్గుర్ని వరుసలు కట్టించాడు. పాటలు పాడుతూ, నినాదాలిస్తూ కూడా పిల్లలు ఎడమ కుడి తప్పకుండా నడిచారు. నేను పల్లీల పొట్లం పట్టుకుని పక్కన నడుస్తూ, "ఏందిరా, జెండా వందనానికి తీస్కపోతున్నవా?" అని ఆటపట్టిస్తున్నాను. ఒక పిల్లవాడు ఆగి ఉన్న బస్సు వైపు రాయి ఎత్తాడు. మావాడు వెళ్ళి ఆ రాయి ఆ పిల్లవాడి చేతిలోంచి తీసుకుని, మళ్ళీ ఎవరికీ దొరకకుండా తన ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

చౌరస్తా దగ్గర పోలీసులు అడ్డంగా ఉన్నారు. తోపులాటలో ఏదో జరిగింది, లాఠీలు లేచాయి. నేను అప్పటికే రెండు దుకాణాల మధ్య సందులో ఉన్నాను. జనం చెప్పులు వదిలేసి పరుగెత్తుతున్నారు. వాడు కూడా వెనక్కి తిరిగి కదిలాడు. అంతలో ఎస్సై, ఈ వరుసలను దూరం నుంచే చూసి ఉంటాడు, మైదానంలో అరిచినట్టు గట్టిగా అరిచాడు.

"థమ్!"

వాడు ఇంకొక్క అడుగు వేశాడు. రెండో కాలు తెచ్చి దాని పక్కన కొట్టాడు. నిలబడ్డాడు.

"ఉరుకురా!" అని సందులోంచి నేను గొంతు చించుకున్నాను. వాడి పిడికిళ్ళు ప్యాంటు కుట్లకు ఆనుకుని ఉన్నాయి, గడ్డం పైకెత్తి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు తొందరేమీ లేకుండా నడుచుకుంటూ వచ్చి, దండెం మీది అంగీ తీసుకున్నట్టు వాణ్ణి తీసుకుపోయారు. వెతికితే జేబులో రాయి దొరికింది. ఇక వాళ్ళకు వేరే సాక్ష్యం దేనికి?

కబురు తెలిసి ఉస్తాద్ కోరుట్ల నుంచి జగిత్యాల ఠాణాకు వచ్చాడు. పాత కోటు వేసుకుని, దాని మీద పతకాలు పెట్టుకున్నాడు. ఆయన వెనక నేను. ఎస్సై చెడ్డవాడేం కాదు. ముసలాయనకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"సాబ్, గీ పోరడు రాళ్ళేసెటోడు గాదు," అన్నాడు ఉస్తాద్. "మీరు థమ్ అన్నరు, ఆగిండు. ఉరికినోళ్ళందరు ఇండ్లల్ల పండుకున్నరు. ఆగినోని మీద కేసా?"

ఎస్సై చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఉరికినోళ్ళ మీద కేసెట్ల వెడ్తం పెద్దాయనా? వాళ్ళు దొరకలేదు గదా. ఆగినోడే దొరుకుతడు."

ఉస్తాద్‌ను బస్టాండు దాకా దిగబెట్టాను. బస్సెక్కబోతూ నా భుజం పట్టుకుని, "ఆగుడు నేర్పిన బేటా," అన్నాడు. "ఎవడంటె ఆగాలెనో చెప్పలే. నాకు గుడ ఎవ్వలు చెప్పలే."

వాడు బెయిలు మీద ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, ఉద్యోగం విచారణకు పోలీసు శాఖ మనిషి వచ్చాడు. మంచివాడు. వాడి తల్లి ఇచ్చిన నీళ్ళు తాగి, "కేసులేం లెవ్వు గదా తమ్మీ? లెవ్వంటె నేను పోత," అన్నాడు. ఆ మనిషి ఎంత తెరిచిపెట్టాడో చూడండి, దూరడానికి దర్వాజంత సందు.

వాడు లేచి నిలబడి, "ఒకటున్నది సార్," అన్నాడు.

తల్లి బీడీల చాట పక్కకు తోసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మనిషి వెళ్ళాక నేను వాడి మీద పడ్డాను. "అరేయ్, లేదని ఒక్క మాట నోట్లకెల్లి రాదారా నీకు?"

"అడిగిండు గద," అన్నాడు.

"అడిగితె?"

"అడిగితె చెప్పాలె."

ఉద్యోగం రాలేదు. తెలంగాణ వచ్చింది. ఆ రోజు సిరిసిల్లలో నేను రంగు చల్లుకుని, గొంతు పోయేదాకా అరిచాను. వాడికి ఫోన్ చేస్తే వాడూ సంతోషంగానే మాట్లాడాడు. తర్వాత ఉద్యమం కేసులు ఎత్తేశారు, వాడిది కూడా. "నా మీద ఏం లేదటరా," అని చెప్పాడు. అప్పటికి ఉద్యోగానికి వాడి వయసు దాటిపోయింది. కేసు ఎత్తేసే అధికారం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, పోయిన ఏళ్ళు తెచ్చిపెట్టే అధికారం ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

క్యాడెట్ శిక్షణ మనిషిని తయారుచేస్తుందని సభల్లో చెబుతుంటారు. నేను కాదనను. వాణ్ణి తయారుచేసింది, ఒక్క కుట్టు కూడా ఊడకుండా. తయారైన సరుకును ఎవరు వాడుకుంటారన్నది ఆ సభల్లో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు వాడు జగిత్యాలలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. పొద్దున పూట మైదానంలో పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలకు పరుగు, లాంగ్ జంప్, డ్రిల్లు నేర్పుతాడు. వాడి దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఖాకీ తొడుక్కున్నారు. మిఠాయి డబ్బాలు తెస్తే ఒక ముక్క తీసుకుని మిగతాది పంచేస్తాడు.

మొన్న పని మీద జగిత్యాల వెళ్ళి, పొద్దున్నే మైదానానికి పోయాను. కొత్తగా చేరిన పిల్లలు వరుసల్లో ఉన్నారు. వాడు వాళ్ళ ముందు నిలబడి చెబుతున్నాడు.

"ధర్నా గానీ, ర్యాలీ గానీ, ఏ జెండా అయిన గానీ, పోవద్దు. మీ ఊరికి నీళ్ళు రాకున్న పోవద్దు. మీ నాయిన వడ్లు ఎవ్వలు కొనకున్న పోవద్దు. నౌకరి చేతికచ్చెదాక ఎవ్వని లొల్లి మీది గాదు. పోయినోడు నా గ్రౌండ్ల కాలు వెట్టద్దు. సమజైందా?"

"సమజైంది సార్!" అన్నారు అందరూ, ఒక్కసారిగా, ఒకే గొంతుతో.

వాడు నా వైపు తిరిగాడు. ముఖంలో సంతోషం. "చూసినవా," అన్నాడు, "గొంతు ఎంత మంచిగ గలిసిందో."

నిజమే. ఆ వరుసలో ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు. వాళ్ళందరికీ ఉద్యోగాలు వస్తాయి.