శాండీఫోర్డ్ అంకుల్ సొంతూరు

శాండీఫోర్డ్ అంకుల్ పోయారు. డబ్లిన్‌లో ఆయన ఉండే పేట పేరే మాకు ఆయన పేరైపోయింది. పోయిన మంగళవారం పొద్దున, ఆఫీసుకు బయల్దేరే ముందు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి అలాగే కుర్చీలో ఒరిగిపోయారట. గుండె. మెయ్‌నూత్ కాలేజీ లైబ్రరీలో ఉన్న నాకు ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి. పద్నాలుగేళ్ళ పిల్ల. నేను ఫోనెత్తగానే ముందు ఒక జోకు చెప్పమని పీక్కుతినే పిల్ల, ఆ రోజు అడగలేదు. "నాన్న లేడు, నువ్వు రా" అని ఇంగ్లీషులో చెప్పి పెట్టేసింది.

ఇలాంటి నివాళులు రాయాల్సింది పెద్దమనుషులు. నన్ను రాయమనడానికి నాకు కనిపించే అర్హత ఒక్కటే. ఈ దేశంలో ఆయన ఇంట నాకంటే ఎక్కువ అన్నం తిన్నవాడు లేడు. మూడేళ్ళపాటు, పరీక్షలున్నా మంచు కురిసినా, ఏ ఆదివారమూ నేను ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆయన వంటింట్లో ఒక చట్టం ఉండేది. ఎవరూ నిలబడి తినకూడదు. కుర్చీలు చాలకపోతే తన కుర్చీ ఇచ్చి, తను ప్రెస్సులోంచి, అంటే ఇక్కడి మాటలో అలమరలోంచి, పెద్ద గిన్నె తీసి బోర్లించుకుని దాని మీద కూర్చునేవారు. "కూసో బిడ్డా. నిలవడి తినుడు నాకు నచ్చదు." ఇంకొకటి, తన సంచీ ఎవరినీ పట్టుకోనిచ్చేవారు కాదు. లువాస్ ట్రాము దిగాక బియ్యం బస్తా నేను లాక్కోబోతే చెయ్యి తోసేసేవారు. "ఎవని మూట వాడే మొయ్యాలె." ఇదంతా తెలంగాణ మొండితనం అనుకున్నాను. ఆయన ఎదుటే ఆ మాట అని నవ్వించాను కూడా.

రెండేళ్ళ కింద ఒక శనివారం రాత్రి ఫోన్ చేశారు. "రేపు వంట లేదు. మ్యూజియం వోదాం." లిమరిక్ దాటాక ఒక చిన్న ఊళ్ళో, పాత మిల్లులో పెట్టిన మ్యూజియం. సముద్రాల అవతల చెరకు తోటల దీవుల్లో బానిసలుగా బతికినవాళ్ళ గురించి, విడుదలయ్యాక వాళ్ళు కట్టుకున్న ఊరి గురించి. ఆంటీకి ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ. కారులో మేం ముగ్గురమే. అన్నం పెట్టని ఆదివారం ఆదివారమే కాదని దారి పొడుగునా నిరసన తెలిపాను. వెనక సీట్లో పిల్ల నాకు మద్దతిచ్చింది.

పెట్రోలు బంకు దగ్గర పిల్ల లోపలికి వెళ్ళింది. అప్పుడు అంకుల్ స్టీరింగు వదలకుండానే చెప్పారు.

"మా నాయిన వెట్టోడు. దొర దగ్గర, పుట్టిన కాడికెల్లి. దానికి ఇంతవరకు చెప్పలే."

నేను రేడియో కట్టేశాను.

"ఇక్కడి దోస్తులంత వాళ్ళ తాతల గురించి చెప్పుకుంటరు. ఇదొచ్చి నన్నడుగుతది, మా తాత ఏం చేసేటోడు అని. ఎవసాయం అని చెప్త. అబద్ధమాడినట్టే గద. నిజం చెప్తే సిగ్గువడ్తదేమో. నన్ను తక్కువ జూస్తదేమో." నా వైపు తిరిగి, "నీకు నోరున్నది. ఇంగ్లీషున్నది. అక్కడ నువ్వు సమజ్ చెయ్యి" అన్నారు.

సరేనన్నాను. అంత పని నెత్తిన పెట్టుకున్నవాడు బుద్ధిగా ఉండాలి కదా. ఉండలేదు.

లోపల సంకెళ్ళు, ఓడ బొమ్మలు దాటాక చివర ఒక చిన్న గది. గోడ నిండా ఆ కొత్త ఊరు కట్టినవాళ్ళ పేర్లు. ఒక దీపం. ఎవరూ మాట్లాడటం లేదు. నాకు భయమేసింది. భయమేస్తే నాకు వచ్చే విద్య ఒక్కటే. గడప దగ్గర బూట్లు విప్పి, చేతులు జోడించి, పూజారి గొంతుతో "భక్తులు వరుసలో రావాలి" అన్నాను. పిల్ల కిసుక్కున నవ్వింది. నా సాక్సు చిరుగు చూసి మ్యూజియం ఆవిడ "నేల చల్లగా ఉంటుంది, లవ్" అంది.

"తొడుక్కో" అన్నారు అంకుల్.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

"తొడుక్కో అంటున్న. ఈళ్ళ ముంగట చెప్పులిప్పుడు వద్దు." ఆయన గొంతు అలా వినడం అదే మొదలు, అదే చివర. "మా నాయిన తన పెండ్లి నాడు గూడ చెప్పులు చేతవట్టుకొని దొర గడి ముందరికెల్లి నడిచిండు."

"ఎందుకు?" అని పిల్ల ఇంగ్లీషులో అడిగింది.

ఆయన నా వైపు చూశారు. చెప్పాల్సింది నేను. మాదీ అదే జిల్లా. మా తాత ఇంటి ముందు ఎవరెవరు చెప్పులు విప్పారో నేను ఏనాడూ అడగలేదు. ఒక కాలికి బూటుతో, రెండోది చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ఆయనే చెప్పారు, తెలుగులోనే. దొర మూటలు మోస్తూ ఊరూరు తిరగడం, దొడ్డి దగ్గర నిలబడి మిగిలింది తినడం. ఒక పొద్దున కొన్ని ఇళ్ళవాళ్ళు కలిసి దొర బంగళా, ఆ గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కునే నడిచి వెళ్ళిపోవడం. మూడు కోసుల అవతల దిబ్బ మీద గుడిసెలు వేసుకోవడం. "ఆ గుడిశెల్నే నేను పుట్టిన." మాట మాటకీ పిల్ల మొహం చూస్తున్నారు. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా.

"వాళ్ళ ఊరికి పేరుందా?" అంది పిల్ల.

"ఎర్రదిబ్బ."

పిల్లకి ఆ 'ర్ర' నోట్లో తిరగలేదు. మళ్ళీ అంది. మళ్ళీ తప్పింది. మూడోసారి సరిగ్గా వచ్చేదాకా అంకుల్ కదల్లేదు.

తనకు వచ్చిన ఫలితం ఏమిటో ఆయన నాకు ఎన్నడూ చెప్పలేదు. నా ఎగతాళికి క్షమాపణ నేనూ అడగలేదు. వచ్చే ఆదివారం అడుగుదామని రెండేళ్ళు ఆదివారాలు తిన్నాను.

ఆ రోజు బయటికి వచ్చేచోట సందర్శకుల పుస్తకం ఉంది. పేరు, ఏ ఊరు. పైవన్నీ కార్క్, లిమరిక్, గాల్వే. ఆయన తన పేరు రాసి, పక్కన తెలుగులో ఎర్రదిబ్బ అని రాసి వెళ్ళిపోయారు. పిల్ల వంగింది. డబ్లిన్‌లో పుట్టిన పిల్ల, తెలుగు అక్షరాలు రావు. తన పేరు ఇంగ్లీషులో రాసింది. ఊరి పేరు రాయాల్సిన చోట, నాన్న రాసిన మాటకు సరిగ్గా కింద, పైన ఉన్నదే అని చెప్పే రెండు చిన్న గీతలు గీసి, పెన్ను నా చేతికిచ్చింది. నేనేమీ రాయలేదు. ఆ గీతల తడి ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.