పసుపు పూసిన బిట్టు

మొన్న పులివెందులలో మా ఇంట్లో అలమారా పనికొచ్చిన వడ్రంగి, రౌటర్ మిషన్లో చెక్కను తొలిచే బిట్టును అడుగుదాకా తోసేసి పానాతో బిగించబోతుంటే నా నోరు ఊరుకోలేదు. "బియ్యపుగింజంత వెనక్కి లాగి బిగించప్పా," అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకునే నాకు ఈ సంగతి ఎలా తెలిసిందని అతని అనుమానం. నాకు చెప్పినాయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆయన మా మేనమామ. ప్రొద్దుటూరులో ఇంటి ముందు రేకుల షెడ్డే ఆయన కొట్టు. తలుపుల మీద లతలు, నెమళ్లు చెక్కడంలో జమ్మలమడుగు దాకా పేరు. మహా నిదానం మనిషి, అన్నానికి రమ్మని అత్త గొంతు పోయేలా పిలవాల్సిందే. బిట్టు బిగించడంలోనూ అదే నిదానం. ముందు దాని కాడను పొడిగుడ్డతో తుడిచేవాడు. ఆ కాడ దూరే రంధ్రంలో పొట్టు లేకుండా ఊదేవాడు. అడుగుదాకా దింపి, కొంచెం వెనక్కి లాగి, అప్పుడు పానా తిప్పేవాడు. "అడుగు తగిలితే బిగిసినట్టే ఉంటాది, తిరిగేటప్పుడు వదులైతాది. కాడకు జిడ్డుంటే ఇంక చెప్పే పనే లేదు," అని షెడ్డులో కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాడు. వినీ వినీ అత్తకూ నాకూ కంఠతా వచ్చేసింది.

ఆయుధపూజ మాత్రం అత్త రాజ్యం. బ్రహ్మంగారిమఠం నుంచి తెచ్చిన పటం ముందు ఉలి, రంపం, మిషను అన్నీ పేర్చి పసుపు కుంకుమ పెట్టేది. ఒక దసరా సెలవుల్లో నేనూ అక్కడే ఉన్నాను. ఆ యేడు అత్తకు భక్తి మరీ పొంగి, నూనెలో కలిపిన పసుపును బిట్లన్నిటికీ కాడలతో సహా పూసింది. మరుసటి పొద్దున ముద్దనూరు వాళ్ల తలుపు చెక్కడానికి మామ ఒక బిట్టు తీసి, గుడ్డ కూడా అందుకున్నాడు. వాకిట్లో అత్త నిలబడి మురిసిపోతూ చూస్తోంది. ఆయన గుడ్డ పక్కన పెట్టేశాడు. "పూజ పసుపు తుడిస్తే మీ అత్త నొచ్చుకుంటాది," అని నాతో మెల్లగా అని, అలాగే బిగించాడు. కాసేపటికి బిట్టు జారి టేకులోకి లోతుగా దిగింది, మిషను ఎగిరిపడింది. మామ ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆసుపత్రిలో ఆయన నన్ను అడిగింది ఒకటే. "మీ అత్తకు పసుపు మాట చెప్పాకు అల్లుడూ. బతికినన్నాళ్లూ ఏడుస్తాది. నేనే సరిగా బిగించలేదని చెప్తా." అలాగే చెప్పాడు. మళ్లీ లతలు చెక్కలేదు, సాదా తలుపులతోనే బతుకు వెళ్లదీశాడు. ఆ తర్వాత ఏటా అత్త, నడుము నొప్పి, ఒక్కొక్కటీ తీయలేనంటూ బిట్ల పెట్టె మీద మాత్రం బొట్టు పెట్టేది. నేనూ మామా ఒకరి మొహం ఒకరు చూసుకుని హమ్మయ్య అనుకునేవాళ్లం.

ఈ దసరాకు మామ లేడు. అత్త నన్ను పిలిపించి, పసుపు గిన్నె నా చేతికిచ్చి, తాను దూరంగా గోడకానుకుని కూర్చుంది. నేను పెట్టె తెరవగానే, "కాడలకు తగలనీయాకు అబ్బీ, జారతాది," అంది.

గిన్నె కింద పెట్టేశాను. "నీకు తెలుసా అత్తా?"

"తెలీకేంది? నేను చూస్తాండానని గదా ఆయన తుడ్సలేదు."

"మరి ఆయనతో ఒక్కసారైనా అనలేదే?"

"నేను ఏడుస్తాననే గదా దాచిపెట్టింది. నాకు తెలుసంటే ఆయన ఏడ్చేటోడు."

నాకు దుఃఖం ఆగలేదు. అన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకరి కోసం ఒకరు కన్నీళ్లు మింగుకుని బతికారు. కలిసి ఏడవడానికి ఇంకా చాలా కాలం ఉందనుకున్నారేమో, ఆ కాలమంతా అయిపోయాక అత్త ఇప్పుడు ఒక్కతే ఏడుస్తోంది.