ముదీర్ గారి టోపీ

ఇవాళ రియాద్ మెట్రోలో ఒకాయన నెత్తిన ఎర్ర బేస్‌బాల్ టోపీ చూసి నవ్వాగలేదు. గల్ఫ్ యుద్ధం అయిన కొత్తలో మన కంపెనీ ఇళ్ళ కాంపౌండ్‌లో నాన్నలందరికీ అదే టోపీ, గుర్తుందా? వాళ్ళ ముదీర్, ఆ అమెరికన్ బాస్, ఎర్ర టోపీల టీమ్ అభిమాని మరి!

బేస్‌బాల్ ఫైనల్ సిరీస్ చెరి మూడు మ్యాచ్‌లతో సమానమైన రోజు, ఆట ఓనమాలు తెలియని ఇంజినీర్లంతా మా హాల్లో టీవీ ముందు గొంతులు చించుకున్నారు.

"మనదే కప్పు!" అన్నారు మూర్తి అంకుల్.

"అన్నయ్యగారూ, ఇంతకీ అవతలి టీమ్ పేరేంటి?" అని అమ్మ అడిగితే అందరూ టోపీలు సర్దుకోవడంలో పడ్డారు.

ఏడోదైన ఆఖరి మ్యాచ్‌లో ఎర్ర టోపీలు ఓడాయి. కొన్నాళ్ళకు ముదీర్ మారాడు. కొత్తాయన గెలిచిన నీలం టోపీల అభిమాని.

ఆయన వచ్చిన వారమే, శుక్రవారం సెలవునాడు మూర్తి అంకుల్ నీలం టోపీతో వచ్చి, "మొన్న ఎంత బాగా గెలిచామండీ మనం!" అన్నారు.

నాన్న తలూపారు. ఆ తల మీదా నీలం టోపీయే.