కాక దిగని సముద్రం

కాక పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బడికి బయలుదేరుతున్నాను. "పొద్దుగాల లేసి చాయ్ పెట్టిండు బిడ్డా. నాకింత పోసి, తనింత పోసుకొని కుర్చీల కూసున్నడు. గంతే" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ నెలాఖరుకే మాకు విశాఖపట్నం టికెట్లున్నాయి. "ఇంకొన్ని రోజులు ఆగితే నీ సొమ్మేం పోయింది కాకా" అని గోడకేసి అరిచాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకుంటే ఇది ఎప్పటికీ రాయలేనని ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. గోదావరిఖనిలో మా క్వార్టరుకు వెనక లైనులో ఉండేవాడు, మా నాన్నతో ఒకే గనిలో పనిచేశాడు కాబట్టి కాక, ఆయన భార్య చిన్నమ్మ. గనిలో మంటో విషవాయువో పుడితే అందరూ బయటికి పరుగెత్తే వేళ లోపలికి వెళ్లే రెస్క్యూ జట్టులో చేసి రిటైరయ్యాడు. వీపుకు ఆక్సిజన్ పెట్టె, మూతికి గొట్టం తగిలించుకుని పొగలో నడవడం ఆయన ఉద్యోగం. ఒకసారి ట్రైనింగులో ఎవరో ఆఫీసరు సముద్రం అడుగున ఇలాగే గొట్టం పెట్టుకుని తిరిగే మనుషుల వీడియో చూపించాడట. "మనం జేసే పనే బిడ్డా, కాకపోతే ఆడ పొగ లేదు, చేపలున్నయి" అనేవాడు. అప్పటినుంచి ఆయనకు సముద్రం పిచ్చి పట్టింది. ఆ పిచ్చి నాకు అంటించాడు, మా కాలనీలోనే ఉండి గనిలో డంపర్ లారీ నడిపే, నేను అన్నా అని పిలిచే అతనికీ అంటించాడు.

సముద్రానికి ఒక రాత్రంతా రైలు దూరంలో ఉండి ఈ పిచ్చి పెట్టుకోవడమంత తలనొప్పి మరొకటి లేదు. మా ఊరి పేరులోనే గోదావరి ఉంది, కానీ అందులో మునిగితే మన చెయ్యి మనకు కనబడదు. హైదరాబాదులో ఒక స్విమ్మింగ్ పూల్‌లో శని, ఆదివారాలు పోయి గొట్టంతో గాలి పీలుస్తూ మునగడం నేర్చుకున్నాం. ముగ్గురం కలిసి పాత సామాను కొన్నాం. తీరా చూస్తే సిలిండర్లో పీల్చే గాలి నింపేవాళ్లు మా చుట్టుపక్కల ఎక్కడా లేరు, దానికీ హైదరాబాదే పోవాలి. బస్సెక్కితే కండక్టర్ అడ్డం నిలబడ్డాడు.

"గ్యాస్ బుడ్డిలు బస్సుల నడువయి, దిగుండ్రి."

"గ్యాస్ గాదు బిడ్డా, ఉత్త గాలి" అన్నాడు కాక.

"గాలైతే బస్సు నిండ ఉన్నది గద పెద్దమనిషీ, మళ్ల బుడ్డిల ఏసుకొని తిరుగుడేంది?"

బస్సంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కాక మాత్రం అందరికంటే గట్టిగా నవ్వి, ఆ కండక్టర్ చేతనే సిలిండర్ పైకి ఎత్తించుకున్నాడు. బజారులో కూడా అంతే. "ఏం కాకా, నీళ్లల్ల ఏమన్న బొగ్గు వడ్డదా?" అని చాయ్ హోటల్ దగ్గర ఎగతాళి చేస్తే, "పడ్డనాడు నీకే ముందు చెప్త తియ్" అనేవాడు.

మా సాధనంతా అన్న వాళ్ల మామ పొలంలోని పెద్ద బావిలో. ఎండాకాలం అందులో నీళ్లు అడుగంటుతాయి. వానలు పడితే నిండుతుంది గానీ బురద. తేటపడేసరికి నాకు బడిలో పరీక్షలు, అన్నకు ఆదివారం డ్యూటీ. ఆదివారం డ్యూటీకి రెండింతల జీతం, ఇంట్లో వాళ్లు వదులుకోనివ్వరు. ఇన్నిటి మధ్య కుదిరిన ఆదివారం, చర్చి కాగానే కాక తెల్ల చొక్కాతోనే బావి దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. నీళ్లలో చూడ్డానికి కప్పలు, మోటరు పైపు, ఒక తాబేలు తప్ప ఏమీ లేవు. "ఇయ్యాల తాబేలు నన్ను గుర్తువట్టింది" అని ఆ ఒక్కదానికే వారమంతా మురిసిపోయేవాడు.

అక్కడ ఆయన గని పద్ధతి పెట్టాడు. గనిలో దిగేవాడు తన నంబరు బిళ్ల ల్యాంపు గదిలో ఇచ్చి లైటు తీసుకుంటాడు. పైకి వచ్చి లైటు ఇచ్చేశాకే బిళ్ల మళ్లీ చేతికొస్తుంది. మేకుకు బిళ్ల ఉందంటే ఆ మనిషి ఇంకా కింద ఉన్నట్టు. కాక ఫిట్టరుతో అల్యూమినియం రేకు కోయించి మాకూ తలా ఒక బిళ్ల చేయించాడు. దిగేముందు మోటరు గది గోడకున్న మేకుకు తగిలించాలి, పైకి రాగానే ఎవరిది వారే తీసుకోవాలి. "మేకుకు బిళ్ల ఉండంగ ఎవ్వడు ఇంటికి పోవద్దు" అన్నది ఆయన శాసనం. ఒకసారి అన్న తన బిళ్ల మరిచి ఇంటికి పోతే, అతను బండి మీద తిరిగి వచ్చి తీసేదాకా కాక బావి గట్టు దిగలేదు. అతను కళ్లముందే ఇంటికి పోయాడు కదా అని నేను విసుక్కుంటే, "పోయిండని నీకెరుక, నాకెరుక. బిళ్లకు ఎరుకనా?" అన్నాడు.

ఎట్టకేలకు ముగ్గురికీ సెలవు కుదిరి విశాఖ వెళ్లాం. పడవలో సముద్రం మీదికి పోయాక, మమ్మల్ని నీళ్లలో దింపే కుర్రాడు మాటవరసకు అడిగాడు. "అందరూ బావున్నారు కదండీ? జలుబు, దగ్గు ఏమైనా ఉన్నాయా?" నేనూ అన్నా తల అడ్డంగా ఊపేశాం. కాక చెయ్యెత్తాడు.

"జర దగ్గున్నది బిడ్డా. చాన ఏండ్లు బొగ్గుల జేసిన గద."

ఆ అబ్బాయి ముఖం మారిపోయింది. "అయ్యో బాబాయ్ గారూ, అలాగైతే డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా మిమ్మల్ని దింపలేనండీ" అన్నాడు. బతిమాలాను, పోట్లాడాను. అతను చేసింది న్యాయమేనని తెలిసీ పోట్లాడాను. తర్వాత కాక మీద పడ్డాను.

"నిన్నెవరడిగిండ్రు కాకా?"

"అడిగిండు గద బిడ్డా."

"లేదని అనరాదా? ఇంత దూరం వచ్చి!"

"మా రెస్క్యూల జలుబున్నోడు పెట్టె తొడుగడు. జలుబున్నదని చెప్పుకునుడు ఆడ నామోషి గాదు. చెప్పకుంట లోపలికి పోయి వాడు వడిపోతే, వాని ఎంట పోయినోడు గూడ సస్తడు. గీ పిలగాడే గద నా ఎంట దిగేది?"

ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండింది. కాక జేబులోంచి బిళ్లలు తీసి, నాదీ అన్నదీ పడవ తాడుకు కట్టి, తనది మళ్లీ జేబులో వేసుకున్నాడు. "దిగుండ్రి. గాలి ఉన్నప్పుడే మర్లాలె, అయిపోయినంక గాదు" అన్నాడు, బావి దగ్గర ప్రతిసారీ చెప్పినట్టే. సముద్రం కింద పసుపు చారల చేపల గుంపు నా ముఖం ముందునుంచే పోయింది. ఆ కోపంలో నేను వాటిని సరిగా చూడలేదు. పైకి తేలేసరికి కాక పడవ అంచు మీద బోర్లా పడుకుని, డైవింగ్ అద్దం పెట్టుకున్న ముఖాన్ని నీళ్లలో ముంచి ఉన్నాడు. చొక్కా భుజాల దాకా తడిసింది. తల ఎత్తి, "మీ బుడగలు కనవడ్డయి బిడ్డా" అన్నాడు. పండగ నాటి ముఖం అది.

ఆ తర్వాత మొదలైంది సర్టిఫికెట్ తిప్పలు. మా దగ్గరి డాక్టరు, "గనికైతే సంతకం పెడత, సముద్రానికి ఎట్ల పెట్టాలె?" అని కరీంనగర్ ఛాతీ డాక్టరు దగ్గరికి తోలాడు. ఆయన ఎక్స్‌రే అన్నాడు, ఊదమన్నాడు, మళ్లీ రమ్మన్నాడు. "ముసలితనంల గీయనకు సముద్రం గావాల్నట" అని చిన్నమ్మ సణుగుతూనే ప్రతిసారీ అన్నం కట్టి పంపేది. ఫిట్ అని రాసిచ్చేసరికి మార్చి వచ్చింది. ఏడాది బొగ్గు టార్గెట్ పూర్తి చేసే ఆ రోజుల్లో అన్నకు సెలవెవరిస్తారు? తర్వాత నాకు పేపర్లు దిద్దే పని, ఆ వెనుకే వానలు, తుఫాన్లు. మేమిద్దరం లేకుండా పొమ్మంటే కాక వినలేదు, జట్టు లేకుండా దిగడట. చివరికి అన్నీ కుదిరి టికెట్లు తీశాం. అప్పుడు ఆయనకు కుదరలేదు.

ఆయన నాకు ఎంత ఇచ్చాడో నాకు తెలుసు. ఈ ఊళ్లో ఒక ఆడది బావిలోకి దూకితే జనం పోగై ఏడుస్తారు. నేను చుడీదార్ మీద సిలిండర్ కట్టుకుని దిగి, నవ్వుతూ పైకి వచ్చేదాన్ని. అది ఆయన చలవే. అయినా ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ చేపల్ని చూసేవాడు కదా అని రోజూ అనిపిస్తుంది. ఆడితే ఆయన కాక అయ్యేవాడు కాదని కూడా తెలుసు. రెండూ తెలిసి ఏం లాభం?

సమాధి చేసిన తర్వాతి ఆదివారం చిన్నమ్మ బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టింది. "అంగి జేబుల ఉండె. నేనేం జేసుకోను, మీరే పెట్టుకోండ్రి" అంది. నేనూ అన్నా బావి దగ్గరికి వెళ్లాం. సామాను తీసుకుపోలేదు. విశాఖ తీసుకుపోయి సముద్రంలో వేద్దామన్నాడు అన్న. "మనిషిని దింపలేదు గానీ రేకుముక్కను దింపుదమా?" అని కసిరాను. కాసేపు దాన్ని చేతిలో తిప్పి, లేచి వెళ్లి మోటరు గది గోడకున్న మేకుకు తగిలించాను.

అన్న దానివంక చూశాడు. "చెల్లే, తగిలిస్తే ఇగ ఇంటికి పోవద్దు గద?"

"ఎరుకే" అన్నాను.

గట్టు మీద కూర్చున్నాం. పొద్దు వాలింది. అన్నకు నైట్ షిఫ్టు ఉంది. ఇద్దరం లేచి చెప్పులు తొడుక్కుంటుంటే బావిలో ఒక బుడగ లేచి పగిలింది. దాని వెనకే ఇంకొకటి.

"తాబేలే అయ్యుంటది" అన్నాడు అన్న.

"ఆఁ, తాబేలే" అన్నాను.

ఇద్దరం మళ్లీ కూర్చున్నాం.