టీవీలో క్షిపణుల చర్చ, చాయ్ హోటల్లో దెబ్బలు

ఈ సాయంత్రం నాచారంలో మా వీధి చాయ్ హోటల్ టీవీలో క్షిపణి రక్షణ బిల్లు మీద చర్చ వస్తోంది. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసే మల్లేశన్న, యాదగిరన్న చూస్తున్నారు.

“ముందుగాల మన మీద పడకుండ కాపాడుకోవాలె,” అన్నాడు మల్లేశన్న.

“మనం గట్టిగ కొడ్తమన్న భయముంటెనే ఎవ్వడూ రాడు!” అని యాదగిరన్న అతని కాలర్ పట్టుకున్నాడు. మల్లేశన్న తిరిగి అతని చెంప పగలగొట్టాడు. యాదగిరన్న స్టీలు జగ్గు ఎత్తి మల్లేశన్న నుదుటి మీద బాదాడు. చొక్కా అంతా రక్తం.

ఇద్దరినీ ఆటో ఎక్కించి ఉప్పల్ దవాఖానాకు తీసుకెళ్లాను. దారంతా గాయాన్ని తువ్వాలుతో అదిమిపట్టింది యాదగిరన్నే.

“ఎవరు కొట్టారు?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఎవ్వలు కొట్టలే మేడం, మెట్ల మీద జారిన,” అన్నాడు మల్లేశన్న. యాదగిరన్న బయటికెళ్లి గోడ పట్టుకుని ఏడ్చాడు.

బిల్లు ఇంకా సభకే రాలేదు, మా దగ్గర కుట్లు కూడా పడ్డాయి. మీ వీధిలో చర్చ ఎంతదాకా వచ్చింది?